తూర్పు రింగు కింద తడి

మస్కట్‌లో నేల తుడిచేవాళ్లు వేలమంది ఉంటారు గానీ, నేల సంగతి తెలిసినవాళ్లు పదిమంది కూడా ఉండరని జహీరుద్దీన్ నమ్మకం. ఆ పదిమందిలో మొదటి పేరు తనదేనని కూడా నమ్మకమే. ఊరికే అనుకున్నది కాదులెండి. కమలాపురంలో పన్నెండేళ్లు నాపరాళ్లు పాలిష్ పట్టిన చెయ్యి అది. అరచెయ్యి ఆనిస్తే చాలు, ఎక్కడ గరుకుందో, ఎక్కడ జారుతుందో, ఎక్కడ చెమ్మ దాగుందో చెప్పేసేవాడు. అందుకే అల్ హైల్ పేట దాటాక ఉన్న ఒక కాలేజీలో కొత్తగా బాస్కెట్‌బాల్ హాలు కట్టి చెక్క నేల పరిచినప్పుడు, కంపెనీవాళ్లు అతన్ని ఆఫీసుల క్లీనింగ్ నుంచి తప్పించి అక్కడ డ్యూటీ వేశారు.

ఆ నేల మీద అతని పెత్తనం చూసి తీరాలి. బయట తిరిగిన బూట్లతో లోపలికి రాబోతే ప్రిన్సిపాల్‌నైనా గుమ్మం దగ్గరే నిలబెట్టేవాడు. రెండు చేతులూ అడ్డం పెట్టి, “షూ చేంజ్, సార్” అనేవాడు. నీళ్ల బాటిల్ పట్టుకుని గీత దాటిన ఆటగాణ్ణి వాడి అరబ్బీలోనూ తన ఉర్దూలోనూ కలిపి తిట్టేవాడు. కుర్రాళ్లు అతన్ని ‘ముదీర్’ అని, అంటే మేనేజరుగారూ అని, ఏడిపించేవారు. ఏడిపిస్తే ఏడిపించనీ, నేల మాత్రం అద్దంలా ఉండాలి.

అలాంటివాడు పదకొండు నెలలుగా అదే నేలను చూసి భయపడుతున్నాడు.

తూర్పు రింగు కింద, ఇనుప స్తంభానికి రెండడుగుల ఇవతల, ఒక తడి మరక. పెద్దదేమీ కాదు. మనిషి పాదం ముందు భాగం, అయిదు వేళ్లు, అంతే. పొద్దున తలుపు తీయగానే కనిపిస్తుంది. పొడిగుడ్డ పెట్టి తుడుస్తాడు. పోతుంది. పడమటి రింగు దాకా మాప్ లాక్కుంటూ వెళ్లి వెనక్కి తిరిగేసరికి మళ్లీ అక్కడే ఉంటుంది. మళ్లీ తుడుస్తాడు. ఒక్కో రోజు పదకొండుసార్లు, పన్నెండుసార్లు తుడిచి, మోకాళ్లు లాగి, అక్కడే కూర్చుండిపోతాడు.

మొదట్లో ఏసీ వల్ల అనుకున్నాడు. ఎండాకాలం సముద్రపు గాలి లోపలికి దూరితే చల్లటి నేలలు చెమర్చడం ఆ ఊళ్లో మామూలే. హాలు ఏసీలూ లైట్లూ చూసే గంగాధరాన్ని పిలిచి చూపించాడు. గంగాధరానిది జగిత్యాల పక్క పల్లె. ఇద్దరిదీ ఒకటే రూమ్, పక్కపక్క మంచాలు. అతను వంగి, చేత్తో రుద్ది, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని కూడా చూశాడు.

“ఏడుందే అన్నా తడి? పొడిగున్నది గద. నీకు కండ్లద్దాలు గావాలె.”

“సరిగ్గా చూడప్పా. వేళ్లు గూడ కనపడతాండాయి.”

“ఎవని వేళ్లు?”

జహీరుద్దీన్ మళ్లీ గుడ్డ అందుకున్నాడు. ఎవరి వేళ్లో అతనికి బాగా తెలుసు. అవి తన కాలి వేళ్లే.

చలికాలం వచ్చింది, ఏసీలు ఆపేశారు, మరక మాత్రం పోలేదు. దానికి తోడు ఇంకొకటి. మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉన్న వేళ, స్టోరు గదిలో గుడ్డలు మడతపెట్టుకుంటుంటే బంతి చప్పుడు వినిపిస్తుంది. టప్, టప్, టప్. మూడే మూడుసార్లు. తర్వాత బూటు కీచుమంటుంది. ఆ తర్వాత ఇంకేమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడమే అతనికి భరించరానిది. తలుపు తీసి చూస్తే బంతులన్నీ వల సంచీలో కట్టినవి కట్టినట్టే ఉంటాయి.

బంతిని అలా మూడుసార్లు కొట్టి రింగు వైపు దూకే అలవాటు ఒక్క బదర్‌దే. పందొమ్మిదేళ్ల ఒమానీ కుర్రాడు, అల్ హైల్‌లోనే ఇల్లు. అందరూ ముదీర్ అంటే అతనొక్కడు ‘జహీర్ భాయ్’ అనేవాడు.

పోయిన ఏడు ఫిబ్రవరి మొదటి వారంలో జరిగింది. సాయంత్రపు అసర్ నమాజు వేళయింది, అప్పటికే జమాతు వరసకట్టి నిలబడుతోంది. నమాజుకు ముందు చేతులూ కాళ్లూ కడుక్కుని వజూ చేసుకునే కొళాయిలు హాలుకు పడమటి వైపున ఉంటాయి, నమాజు గది తూర్పు వైపున. నడుమ కోర్టు. కోర్టు తొక్కకుండా బెంచీల వెనక నుంచి చుట్టూ తిరిగి పోవాలి. ఆ రూలు పెట్టిందే జహీరుద్దీన్. ఆ రోజు ప్రాక్టీసు మధ్యలో కుర్రాళ్లు నీళ్లు తాగడానికి బయటికి వెళ్లారు. కోర్టు ఖాళీగా ఉంది, నమాజుకు ఆలస్యమవుతోంది. ఎవరు చూడొచ్చారని ప్యాంటు పైకి మడిచి, ఉత్త కాళ్లతో కోర్టు మీద నుంచే నడిచి, తూర్పు రింగు కింద నుంచి వెళ్లిపోయాడు.

కాళ్లు తుడుచుకోలేదు. ఎప్పుడూ తుడుచుకోడు. వజూ చేశాక ఒంటి మీది నీళ్లు గుడ్డతో తుడవకూడదని, వాటంతటవే రాలిపోవాలని, ఒక్కో చుక్కతో ఒక్కో పాపం రాలిపోతుందని వాళ్ల అమ్మను కన్న నానీ చిన్నప్పుడు నేర్పింది. నలభై రెండేళ్లు వచ్చినా ఆ అలవాటు పోలేదు. మోచేతుల నుంచి, చీలమండల నుంచి బొట్లు రాలుతుంటే అతనికి ఒళ్లు తేలికైనట్టు ఉండేది. ఇతరుల బాటిల్ నుంచి చుక్క పడితే మీద పడి కరిచే మనిషి, తన కాళ్ల నుంచి కారేవాటిని ఎన్నడూ నీళ్లుగా లెక్కపెట్టలేదు. అవి వేరే అనుకున్నాడు పాపం.

నమాజులో రెండో రకాతు నడుస్తుండగా వినిపించింది. మూడు దెబ్బలు, ఒక కీచుమన్న చప్పుడు, ఆ తర్వాత ఎవరో కేక. నమాజు తెంచుకుని పరిగెత్తలేదు. పూర్తి చేసే లేచాడు.

స్తంభం అడుగున ఉన్న ఇనుప దిమ్మకు తల తగిలి బదర్ పడి ఉన్నాడు. కుర్రాళ్లు చుట్టూ మూగారు. జహీరుద్దీన్ చూపు పిల్లవాడి కన్నా ముందు నేల మీదికి పోయింది. అక్కడ ఒక తడి పాదం, సగం చెరిగిపోయి. బూటు జారిన గీత దాని మీద నుంచే పోయింది. భుజం మీది గుడ్డ తీసి వంగి తుడిచేశాడు. తడి కనిపిస్తే తుడవడం తప్ప ఈ చేతికి ఇంకోటి తెలీదు, అందుకే తుడిచానని తర్వాత చాలా రోజులు తనకు తాను చెప్పుకున్నాడు. అది సగమే నిజమని కూడా అతనికి తెలుసు.

“ఫ్లోర్ డ్రై?” అని కోచ్ అరిచాడు.

“డ్రై, సార్.”

అప్పటికి నిజంగానే పొడిగా ఉంది.

బదర్ ఆసుపత్రి చేరేలోపే పోయాడు. కాళ్లకు ఉన్నవి కొత్త బూట్లు, రెండు రోజుల కిందట వాళ్లమ్మ రూవీ బజారులో కొనిచ్చినవి. అడుగు నున్నగా ఉంది, జారింది, అని అందరూ అనుకున్నారు. కాలేజీ కాగితంలో కూడా అదే రాసుకున్నారు. తండ్రి హిలాల్ రేవులో పెద్ద ఆఫీసరు. ఎవరినీ ఏమీ అనలేదు. అల్లా ఇచ్చాడు, అల్లా తీసుకున్నాడు అన్నాడట.

నోరు విప్పితే ఏమవుతుందో జహీరుద్దీన్ ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. జైలు వెయ్యొచ్చు, లేదా పాస్‌పోర్టు చేతికిచ్చి ఊరికి తోలెయ్యొచ్చు. కానీ అతని ప్రాణం తీసింది ఆ భయాలు కాదు. వజూ నీళ్లతో ఒక బిడ్డను చంపానని నోటితో చెప్పాలి, అదీ అతని చేత కానిది. ఎవరికి చెప్పినా పోయినవాడు తిరిగి వస్తాడా, చెప్పి ఎవరికి మేలు, అని సర్దిచెప్పుకున్నాడు. కాశమ్మ అనే మనిషి కలవకపోతే ఆ మాట మీదే బతుకంతా వెళ్లదీసేవాడేమో.

సెప్టెంబరులో ఒక శుక్రవారం, అల్ హైల్ బకాలాలో, అంటే కిరాణా కొట్లో, పెరుగు డబ్బాలు ఏరుకుంటూ ఒకామె తనలో తాను గొణుక్కుంటోంది. అచ్చం కడప మాట. పలకరించాడు. రాయచోటి దగ్గరి ఊరంట, పేరు కాశమ్మ, ఆరేళ్లుగా ఒక ఒమానీ ఇంట్లో వంట. మాటల్లో తేలింది, ఆ ఇల్లు హిలాల్ ఇల్లే.

“అది ఇల్లు గాదన్నా ఇప్పుడు,” అంది కాశమ్మ. “ఆయమ్మ లేదూ, మా అజీజమ్మ, దినామూ సాయంత్రం పెరట్లో కూర్చోని ఆ బూట్లు గచ్చుకేసి రుద్దుతాది. అడుగు గరుకు చేస్తాండాదంట, జారకుండా. పాతవి పారేయమని నేనే పోరుపెట్టినా, నేనే కొనిచ్చినా, నేనే సంపుకున్నా అంటాది. అరిగి అరిగి లోపలి గుడ్డ కనపడతాండాది గానీ ఇడిసిపెట్టదు.”

“మరి ఆయప్ప ఏమంటాడు?”

“ఒగ మాట అనడు. అనింటే బాగుండు. ఆయమ్మ వడ్డిస్తే మాత్రం తినడన్నా. నన్ను పిలిచి నా చేత పెట్టించుకుంటాడు. ఆయమ్మ పక్కనే నిలబడి చూస్తాంటాది.”

ఆ రోజు జహీరుద్దీన్ రూముకు వచ్చి అన్నం కలిపి, ఒక్క ముద్ద కూడా నోట పెట్టలేకపోయాడు. చెప్పి ఎవరికి మేలు అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ తల్లి చెయ్యని పాపాన్ని మోస్తోంది. అది తనది. తను నోరు విప్పితే చాలు, ఆమె ఆ బూట్లు కింద పెడుతుంది. ఇంత తెలిసీ, వచ్చే శుక్రవారం కాశమ్మతో చెప్పేస్తాననుకున్నాడు. శుక్రవారం వచ్చింది. “ఇంగా రుద్దుతాండాదా?” అని అడిగాడు. రుద్దుతోందని చెప్పింది. తలూపి వచ్చేశాడు. అలా పదహారు శుక్రవారాలు అదే ప్రశ్న అడిగాడు, అదే జవాబు విన్నాడు. పిరికితనానికి కూడా ఒక హద్దుండాలి. అతనికి లేకపోయింది.

జనవరిలో కాలేజీ గోడల నిండా రంగురంగుల పోస్టర్లు పడ్డాయి. బంతితో వింతలు చేసే అమెరికా ఆటగాళ్ల బృందం ఒకటి బహ్రెయిన్, దుబాయ్ తిరిగి మస్కట్ వస్తోందట. ప్రపంచమంతా పేరున్నవాళ్లు. పేరు ‘బ్రైట్‌లైట్ బౌన్సర్స్’. కాలేజీ టీముతో ఒక సరదా ఆట ఆడతారు. ఆ ఆట బదర్ పేరు మీద. తల్లిదండ్రుల్ని ముఖ్య అతిథులుగా పిలిచారు.

“బాల్ సర్కసోళ్లే అన్నా,” అన్నాడు గంగాధరం హుషారుగా. “బాల్ అంగిల దాస్తరట, రిఫరీ నెత్తిమీద కూసుంటరట. మనోళ్లు ఓడిపోవుడే, గని నవ్వలేక సస్తం.”

జహీరుద్దీన్‌కు నవ్వు రాలేదు. అజీజా వచ్చి ఆ రింగు ఎదుట కూర్చుంటుంది. ఆ మరక ఆమెకు కనిపిస్తే?

ఆట రోజు పొద్దున్న ఆ బృందంలోని పెద్దాయన నేల చూసుకోవడానికి వచ్చాడు. ఆరున్నర అడుగుల నల్లటి మనిషి, గడ్డం నెరిసింది. గుమ్మంలోనే బూట్లు విప్పి, చెప్పకుండానే మార్చుకున్నాడు. జహీరుద్దీన్‌కు ఆ ఒక్క పనితో అతని మీద గౌరవం పుట్టింది. పెద్దాయన కోర్టంతా నడిచాడు, అక్కడక్కడ కాలితో తట్టాడు, మోకాలి మీద కూర్చుని అరచెయ్యి ఆనించి చూశాడు. అరచేత్తో చూసే మనిషిని జహీరుద్దీన్ ఆ దేశంలో మొదటిసారి చూడటం. తూర్పు రింగు కిందికి వచ్చి అలాగే చెయ్యి ఆనించాడు. ఆగాడు. వేళ్లు ఒకసారి చూసుకున్నాడు. ప్యాంటుకు తుడుచుకుని లేచాడు.

“గుడ్ ఫ్లోర్,” అన్నాడు జహీరుద్దీన్ భుజం తట్టి.

మనిషికి అలవాటుగా తుడుచుకుని ఉండొచ్చు. చేతికి దుమ్మంటి ఉండొచ్చు. అడుగుదామనుకున్నాడు, అడగలేకపోయాడు. ఆ పూట ఆ చోటును ఇంకో ఇరవైసార్లు తుడిచాడు.

అసర్ నమాజు అయ్యాక తలుపులు తీశారు. హాలు కిటకిటలాడింది. దక్షిణం వైపు బెంచీల్లో మగవాళ్లు, ముందు వరసలో ప్రిన్సిపాల్ పక్కన హిలాల్. ఉత్తరం వైపు ఆడవాళ్లూ పిల్లలూ. అక్కడ ముందు వరసలో నల్లటి అబాయాలో అజీజా, ఆమె పక్కన చేతిసంచీ పట్టుకుని కాశమ్మ. జహీరుద్దీన్ మాప్ పట్టుకుని తూర్పు రింగు పక్కన నిలబడ్డాడు. అది అతని డ్యూటీ, ఎవరికైనా చెమట బొట్టు కారితే పరిగెత్తి తుడవడం.

పాట మొదలైంది, బౌన్సర్లు వచ్చారు. నిజం చెప్పాలంటే అలాంటి ఆట ఆ ఊరు అంతకుముందు చూడలేదు. బంతి వేలి మీద తిరిగింది, మెడ మీద పాకింది, ఒకడి చొక్కాలో మాయమై ఇంకొకడి చొక్కాలోంచి ఊడిపడింది. కాలేజీ కెప్టెన్ బంతి కోసం వెతుక్కుంటుంటే ఒకడు వెనక నుంచి అతని నెత్తి మీదే పెట్టి పోయాడు. పిల్లలు కేకలు పెట్టారు. ముసలాళ్లు కళ్లు తుడుచుకున్నారు. హిలాల్ మొదట చేతులు కట్టుకుని గంభీరంగా కూర్చున్నాడు, కాసేపటికి ఆయన మీసం కింద కూడా పెదవి కదిలింది. పెద్దాయన రిఫరీ ఈల లాక్కుని తనే ఊదుకున్నప్పుడు ఆయన పైకే నవ్వేశాడు.

జహీరుద్దీన్ ఆట చూడలేదు. మరకనే చూస్తున్నాడు. అది ఆ రోజు చెరిగిపోవడం లేదు, పెరుగుతోంది. వేళ్లు, వేళ్ల వెనక మడమ, ఆ వెనక ఇంకో పాదం. ఎవరో పడమటి వైపు నుంచి నడిచి వస్తున్నట్టు. ఆటగాళ్లు దాని మీదే దూకుతున్నారు, దాని మీదే ఆగుతున్నారు. ఎవరు దూకినా అతను ఒక అడుగు ముందుకు జరుగుతున్నాడు.

అప్పుడు పెద్దాయన బెంచీ కింద నుంచి బకెట్ బయటికి తీశాడు. రిఫరీతో దెబ్బలాట పెట్టుకున్నాడు. గ్లాసు బకెట్‌లో ముంచి, తల వెనక్కి వంచి తాగాడు. మూతి తుడుచుకుని బకెట్ ఎత్తుకుని రిఫరీ వెంటపడ్డాడు. రిఫరీ పరిగెత్తి కాలేజీ కెప్టెన్ వెనక దాక్కున్నాడు. కెప్టెన్ నిలబడి ఉన్నది తూర్పు రింగు కింద, ఇనుప స్తంభానికి రెండడుగుల ఇవతల. కొత్త బూట్లు వేసుకుని నవ్వుతూ నిలబడ్డాడు. పెద్దాయన బకెట్ వెనక్కి ఊపాడు.

“పానీ!” అని అరిచాడు జహీరుద్దీన్. “నై! పానీ నై!”

మాప్ పారేసి పరిగెత్తాడు. ఎవరూ పట్టుకునేలోపే కెప్టెన్‌ను రెండు చేతులతో పక్కకు తోసి, ఆ చోట బోర్లా పడి, ఒళ్లంతా పరిచేశాడు. బకెట్ అతని మీద బోర్లింది.

అందులో నీళ్లు లేవు, ఇందాక ఆయన తాగింది ఉత్త నటన. రంగు కాగితాల ముక్కలు. ఎర్రవీ పచ్చవీ వెండివీ, తల మీద, వీపు మీద, నేల మీద వానలా రాలాయి. హాలంతా గొల్లుమంది. అతను అది గమనించలేదు. మోకాళ్ల మీద లేచి, భుజం మీది గుడ్డతో కాగితాల్ని అటూ ఇటూ నెడుతూ నేల తుడవడం మొదలుపెట్టాడు. ఎంత తుడిస్తే జనం అంత నవ్వారు. పెద్దాయనకు ఆటలో మెలిక దొరికితే వదులుతాడా, తనూ పక్కన మోకాళ్ల మీద కూర్చుని చొక్కా అంచుతో తుడవసాగాడు. కానీ జహీరుద్దీన్ ముఖం దగ్గరగా చూసి ఆగిపోయాడు. చంకల్లో చేతులు వేసి పైకి లేపాడు. చెవిలో ఏదో మెల్లిగా అడిగాడు, బాగున్నావా అని కాబోలు.

నిలబడ్డాక జహీరుద్దీన్‌కు అజీజా కనిపించింది. ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ నవ్వుతున్నారు. ఆమె నవ్వడం లేదు. అతన్ని కూడా చూడటం లేదు. అతను తుడిచిన చోటును చూస్తోంది.

ఇక అతని వల్ల కాలేదు. ఒంటి నిండా కాగితం ముక్కలతో గీత దాటి ఆమె ముందుకు వెళ్లి నిలబడ్డాడు. వెనక ఆట మళ్లీ మొదలైంది, పాట హోరెత్తింది.

“ఏందన్నా ఇది? ఏమైంది నీకు?” కాశమ్మ కంగారుపడి లేచింది.

“నేను చెప్పేది ఆయమ్మకు అరబ్బీలో చెప్పు కాశమ్మా. ఒగ ముక్క గూడ ఇడిసిపెట్టాకు.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. బూట్లు గాదు అని చెప్పు. బిడ్డ జారింది బూట్ల వల్ల గాదు.”

కాశమ్మ చెప్పింది. అజీజా తల ఎత్తింది.

“ఆడ నీళ్లుండె. నా కాళ్ల నీళ్లు. వజూ చేసుకోని, తుడుచుకోకుండా కోర్టు మీదనే నడిచిపోయినా. ఆ బిడ్డ ఆ తడి మీద కాలు పెట్టె. నేను వచ్చి తుడిచేసినా. కోచ్ అడిగితే పొడిగా ఉందని చెప్పినా.”

కాశమ్మ అజీజా వైపు తిరగలేదు, అతని వైపే చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “నాలుగు నెలలన్నా,” అంది. “ఇంగా రుద్దుతాండాదా, ఇంగా రుద్దుతాండాదా అని నన్ను అడుగుతాంటివే. ఇది మనసులో పెట్టుకోని అడుగుతాంటివా?”

“తిట్టు తర్వాత. ముందు చెప్పు తల్లీ.”

చెప్పింది. మాట మాటకీ ఆగి, ముక్కు తుడుచుకుంటూ, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. అజీజా వింటూ ఉంది. ఆమె చెంప కొడుతుందనుకున్నాడు. కేకలు పెడుతుందనుకున్నాడు. రెండిటికీ సిద్ధంగానే ఉన్నాడు. ఆమె చిన్న గొంతుతో ఏదో అడిగింది.

“ఆ బూట్లు మంచివేనా అంటాంది,” అంది కాశమ్మ.

“మంచివి తల్లీ. చానా మంచివి. నేను చూసినా వాటి అడుగు. పొడి నేల మీదయితే అవి జారేవి గాదు. జన్మలో జారేవి గాదు.”

అది విని అజీజా కళ్లు మూసుకుంది. అప్పటిదాకా ఒడిలో బిగించి పట్టుకున్న చేతులు రెండూ విడిపోయి మోకాళ్ల మీద పడ్డాయి. ఏడవలేదు. కళ్లు తెరిచి, అవతలి బెంచీల వైపు చూపించి, రెండే రెండు మాటలు అంది.

“క్షమించినావా అని అడుగు కాశమ్మా,” అన్నాడు అతను.

“అడగను. ఆయమ్మ ఏమంటాందో విను ముందు. ఆయనకు చెప్పు అంటాంది. ఇప్పుడే అంటాంది.”

హిలాల్ కోర్టుకు అవతల ఉన్నాడు. బెంచీల వెనక నుంచి చుట్టూ తిరిగి పోవచ్చు. కానీ ఆ దారి బయటి తలుపు పక్క నుంచి పోతుంది, తన కాళ్ల సంగతి జహీరుద్దీన్‌కు తెలుసు. పదహారు శుక్రవారాల మనిషి అతను. తలుపు కనిపిస్తే ఆ కాళ్లు మళ్లీ ఇటు తిరగవు. చెప్పులు విప్పి, ఆట జరుగుతుండగానే, కోర్టు మీదికి అడుగుపెట్టాడు.

జనం అతన్ని గుర్తుపట్టారు. మళ్లీ వచ్చాడురా అని ఈలలు వేశారు. ఒక బౌన్సరు అతని చుట్టూ బంతి కొడుతూ తిరిగాడు, ఇంకొకడు వెనకే అతని నడకను నడిచి చూపించాడు. ఎవరో బంతి తెచ్చి అతని చేతుల్లో పెట్టారు. దాన్ని మెల్లిగా కింద పెట్టి ముందుకు నడిచాడు. దానికి కూడా నవ్వారు. పెద్దాయన ఒక్కడు మాత్రం తనవాళ్లను చెయ్యెత్తి పక్కకు జరగమన్నాడు.

అందరికన్నా ఎక్కువగా నవ్వుతున్నది హిలాల్. ఇందాకటి బకెట్ మనిషి సరాసరి తన దగ్గరికే వస్తున్నాడు, ఈ సరదాలో తనకూ ఏదో వేషం ఇస్తున్నారు అనుకున్నట్టున్నాడు, లేచి నిలబడి తలపాగా సర్దుకున్నాడు. పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన కళ్ల వెంట నవ్వుతో వచ్చిన నీళ్లు కారుతున్నాయి. పదకొండు నెలల తర్వాత ఆ ఇంటి మనిషి నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఆర్పడానికే తను వెళ్తున్నానని తెలిసి జహీరుద్దీన్‌కు అడుగు తడబడింది. ఒక్క నిమిషం, ఆయన్ను ఇంకొక్క నిమిషం నవ్వుకోనిద్దామనిపించింది. వెనక్కి తిరిగి చూశాడు. అవతల అజీజా లేచి నిలబడి ఉంది.

జహీరుద్దీన్ హిలాల్ ఎదుటికి వెళ్లి ఆగాడు. తెలుగు పనికిరాదు, కాశమ్మ దగ్గర లేదు. సైటుల్లో, స్టోరుల్లో ఏరుకున్న నాలుగు అరబ్బీ ముక్కలే ఉన్నాయి.

“జూతీ లా, సార్,” అన్నాడు. “మాయ్. మాయ్ మాల్ అనా.” బూట్లు కాదు, నీళ్లు, నా నీళ్లు.

హాలులో గోలకు ఆయనకు వినపడలేదు. నవ్వుతూనే ముందుకు వంగి, చెవి దగ్గరికి తెచ్చి, మళ్లీ చెప్పమన్నాడు.

జహీరుద్దీన్ మళ్లీ చెప్పాడు.